కొలత తెలిసిన వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

హైదరాబాదు పాతనగరంలో, మూసీనదికి దక్షిణపు ఒడ్డున, పేట్లబుర్జు ప్రసూతి వైద్యశాల ఉన్నది. చార్మినారు చుట్టుపట్ల సందుల నుండి, నగరం వెలుపలి పల్లెల నుండి గర్భిణీ స్త్రీలు ప్రతి ఉదయమూ అక్కడికి వస్తూ ఉంటారు. కొంచెం రక్తం తీసి పరీక్షించడం, ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ కలిసిన మాత్రలు చేతికివ్వడం ఆ వైద్యశాలలోనే గాక దేశంలోని ప్రభుత్వ వైద్యశాలలన్నింటిలోనూ నిత్యకృత్యం. నదికి ఆవలి పక్క, రెడ్‌హిల్స్‌లో, మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన క్యాన్సరు వైద్యశాల ఉన్నది. అటువంటి వైద్యశాలల ఔషధాల పట్టికలో మెథోట్రెక్సేటు అనే మందుకు తప్పని స్థానం కలదు. గర్భిణి మింగే మాత్రకూ, క్యాన్సరు రోగికి ఎక్కించే మందుకూ ఒకే బంధుత్వం ఉన్నదనీ, ఆ రెండింటి వెనుకా ఒక తెలుగువాని జీవితం ఉన్నదనీ ఎరిగినవారు మాత్రం తక్కువ. ఆ తెలుగువాడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం చేసిన తండ్రి అనారోగ్యం వలన త్వరగానే ఉద్యోగం విడువవలసి వచ్చినది. సంసారం పెద్దది, రాబడి స్వల్పం. బాల్యంలో సుబ్బారావుకు చదువు మీద మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయంలో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవలెనని ఇల్లు విడిచి బయలుదేరినాడని చెబుతారు. తల్లి పట్టుదల కలది. కుమారుని మళ్లీ బడిలో కూర్చోబెట్టినది. రాజమహేంద్రవరంలో చదివి, చివరకు మదరాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషను గట్టెక్కినాడు. రెండుసార్లు తప్పిన ఈ విద్యార్థియే ఒకనాటికి ప్రపంచ వైద్యశాస్త్రానికి పాఠం చెప్పగలడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు. పరీక్షలో తప్పిన పిల్లవానిని చూచి తొందరపడి తీర్పు చెప్పే ఉపాధ్యాయులకు ఈ ఒక్క సంగతి చాలు.

మదరాసులో ప్రెసిడెన్సీ కళాశాల చదువు ముగిసే వేళకు యువకుని మనసు రామకృష్ణ మఠం వైపు మొగ్గినది. సన్న్యసించవలెనని కోరిక. తల్లి సమ్మతించలేదు. తల్లి అనుమతి లేనివారిని మఠంవారు చేర్చుకోరు గనుక, రోగుల సేవ కూడా ఒక తపస్సే యని తలచి ఆయన మదరాసు వైద్య కళాశాలలో చేరినారు. 1919లో శేషగిరితో వివాహమైనది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ధనసహాయం చేసినారు.

అది జాతీయోద్యమం ఉప్పొంగుతున్న కాలం. గాంధీజీ పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగారంలోకి సైతం ఖద్దరు అంగీతో వెళ్లినారు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు అది రుచించలేదు. పరీక్షలు బాగుగా వ్రాసినప్పటికీ ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యోద్యోగపు ద్వారం మూసుకొన్నది. డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడిపించిన మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడపినారు.

ఆయన జీవితానికి దిశ నిర్ణయించినది పట్టం విషయంలో కలిగిన అవమానం కాదు; ఇంట జరిగిన విషాదం. కొద్ది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులను స్ప్రూ అనే గ్రహణి వ్యాధి బలిగొన్నది. తిన్నది ఒంట బట్టదు; నాలుక పుండ్లు పడుతుంది; రక్తం నానాటికి క్షీణించి మనిషి పాలిపోయి కృశిస్తాడు. ఇంటిలో వైద్యం చదివినవాడు ఉండి కూడా చేయగలిగినది ఏమీ లేకపోయినది. ఏది లోపించి ఆ రక్తం క్షీణించినదో చెప్పగల పరీక్ష అప్పటి వైద్యానికి లేదు. ఆ లోపించినది ఏమి? దానిని కనుగొనడం ఎట్లు? ఈ ప్రశ్న ఆయనను జీవితాంతం విడువలేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన సహాయమూ, మామగారి ధనమూ ఆధారంగా సుబ్బారావుగారు 1920ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టను చేరినారు. భార్యను స్వదేశంలో విడిచి వెళ్లినారు. త్వరలో తిరిగి రావలెననే ఉద్దేశంతోనే వెళ్లినారు గాని, మరల ఆ దంపతులు ఒకరినొకరు చూచుకొనలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఒక వైద్యశాలలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేసినారు. పట్టభద్రుడైన వైద్యుడు ఆ పనికి సిగ్గుపడలేదు.

తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధకుడుగా చేరినారు. అక్కడ ఆయన చేతికి వచ్చిన మొదటి సమస్య కొలతకు సంబంధించినది. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా తెలుసుకొనే సులువైన పద్ధతి కావలసి ఉన్నది. 1925లో ఫిస్కే, సుబ్బారావులు అటువంటి పద్ధతిని ప్రకటించినారు. పరీక్షించవలసిన ద్రవానికి మాలిబ్డేటును చేర్చితే అది ఫాస్ఫేటుతో కలుస్తుంది. దానిని మరొక రసాయనంతో క్షయకరణం చేస్తే నీలివర్ణం పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే ఆ నీలం అంత గాఢంగా ఉంటుంది. రంగును చూచి పరిమాణం చెప్పవచ్చును. ఒక నాళికలోని కొద్దిపాటి రక్తం శరీరంలోపలి స్థితిని ఈ విధంగా వెల్లడించినది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ ప్రాకినది. ఒక తెలుగు ఇంటిపేరు గల యువకుడు జీవరసాయన విద్యార్థుల పాఠ్యగ్రంథాలలోకి ప్రవేశించినాడు.

మంచి కొలబద్ద చేతికి వస్తే కొత్త వస్తువులు కంటబడుతాయి. ఆ పద్ధతితో కండరాలను పరీక్షిస్తూండగా లెక్కకు సరిపడని భాస్వరం కొంత కనిపించినది. దానిని తప్పిదమని తోసివేయక వెంటాడగా, 1927లో ఫాస్ఫోక్రియాటిను బయటపడినది. లండనులో ఎగ్లెటన్ దంపతులు కూడా అదే కాలంలో ఆ పదార్థాన్ని గుర్తించినారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు ఎ.టి.పి.ని వేరుచేసినట్లు ప్రకటించినారు. జర్మనీలో లోమన్ ఆ సంవత్సరమే దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. జీవకణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తినాణెం ఈ ఎ.టి.పి. యే. కండరపు శక్తిని గురించి నోబెలు బహుమానం పొందిన సిద్ధాంతమే ఈ ఆవిష్కరణలతో సవరించుకోవలసి వచ్చినది. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టం లభించినది. అయినను హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం, పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలదికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయినారు.

అక్కడ ఆయన పాత ప్రశ్నకు, అనగా సోదరులను బలిగొన్న రక్తక్షీణత ప్రశ్నకు, తిరిగి వచ్చినారు. ఆ ప్రశ్నకు భారతదేశంతోనే సంబంధించిన మరొక కథ ఉన్నది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1920ల చివర బొంబాయికి వచ్చి, అక్కడి పేద గర్భిణులలో కనిపించే ఒక తీవ్ర రక్తహీనతను పరిశీలించినారు. ఈస్టు సారంతో అది కుదురుతున్నదని 1931లో తెలియజేసినారు. ఆ సారంలోని గుణకారి పదార్థమేదో అప్పటికి తెలియదు. పది సంవత్సరాల అనంతరం, 1941లో, పాలకూర నుండి వేరుచేసిన ఒక పదార్థానికి ఆకు అనే అర్థంగల లాటిను మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. కాని టన్నులకొద్దీ ఆకును కరగించినా చిటికెడు పదార్థమైనా దక్కదు. దాని నిర్మాణం తెలియాలి, ప్రయోగశాలలో తయారుచేయాలి. పెర్ల్ రివరులోని బృందం కాలేయం నుండి దానిని శుద్ధిచేసి 1945లో కృత్రిమంగా సంశ్లేషించినది. ఆ ఫలితాన్ని ప్రకటించిన వ్యాసానికి 16 మంది రచయితలు. ఆ వరుసలో సుబ్బారావుగారి పేరు ఎక్కడో మధ్యన ఉన్నది. నాయకుడు తన పేరును ముందు పెట్టుకొనకపోవడం ఆయన స్వభావానికి తగినదే.

ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు ప్రాణప్రదమైనది. సోదరులిద్దరినీ కాపాడగలిగి ఉండే పదార్థం వారు గతించిన అనేక సంవత్సరాల తరువాత సుబ్బారావుగారి ప్రయోగశాలలో తయారైనది. ఆలస్యంగా వచ్చిన ఆ మందు బొంబాయిలో లూసీ విల్స్ చూచిన పేద తల్లులవంటి కోట్లాది స్త్రీలకు మాత్రం సకాలంలో అందుతున్నది. పేట్లబుర్జులో గర్భిణి చేతిలో పడే మాత్ర అదియే.

క్యాన్సరు కథ ఇక్కడి నుండి మొదలవుతుంది. కణం రెండుగా చీలవలెనంటే దానికి ఫోలిక్ ఆమ్లం కావలెను. అదుపు తప్పి పెరిగే కణానికి మరింతగా కావలెను. బోస్టనులోని సిడ్నీ ఫార్బరు ల్యూకీమియా అనే రక్తపు క్యాన్సరుతో బాధపడే బాలలను పరీక్షిస్తూ, ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి మరింత విజృంభించినట్లు గమనించినారు. పోషించేది దొరికితే పెరిగే వ్యాధి, అది దొరకకపోతే తగ్గవలెను గదా! సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లానికి ఆకారంలో పోలిన, కాని దాని పని చేయని పదార్థాలను తయారుచేసి ఇచ్చినది. అవి తాళంలో దూరి, తిరగక ఇరుక్కుపోయే తాళపుచెవుల వంటివి. అసలు చెవికి చోటు లేక కణం ఆకలితో నశిస్తుంది. వానిలో ఒకటి ఎమినోప్టెరిన్; మరొకటి ఎమెథోప్టెరిన్, అనగా నేటి మెథోట్రెక్సేటు. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన ఫలితాలలో 16 మంది బాలలలో 10 మందికి తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గుముఖం పట్టినది. మందుతో క్యాన్సరును ఎదిరించవచ్చునని లోకానికి ధైర్యం కలిగినది అప్పుడే.

ఆ సంవత్సరాలలోనే ఆయన నాయకత్వాన మరి రెండు ఔషధాలు వెలువడినవి. గోదావరి మండలాల ప్రజలకు చిరకాల పీడ అయిన బోదకాలు రోగపు క్రిములను చంపే హెట్రజాన్ 1947లోనిది. మట్టిలోని సూక్ష్మజీవుల నుండి బెంజమిన్ డగ్గరు సాధించిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిను కుటుంబంలో మొదటిది, 1948లో లోకానికి తెలిసినది. ఆ సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. వయసు 53 సంవత్సరాలు. భారతదేశం స్వతంత్రమై అప్పటికి ఏడాది కావస్తున్నది. తిరిగి రావలెనని వెళ్లినవాడు తిరిగి రాలేదు.

ఆయన రెండు కృషులు, కొలతా మందూ, ఒకచోట కలుసుకొన్నది ఆయన మరణం తరువాతనే. అది స్త్రీల క్యాన్సరు చికిత్సలో. గర్భధారణానంతరం మాయ కణాల నుండి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సరు యువతులను వారాల వ్యవధిలో కబళించేది. 1956లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు మెథోట్రెక్సేటుతో ఆ వ్యాధి కుదిరిన వృత్తాంతాన్ని ప్రకటించినారు. ఊపిరితిత్తులకు వ్యాపించిన కణుతులు కరిగిపోయినవి. గడ్డకట్టే క్యాన్సరు కేవలం మందుతో నయమగుట అదియే ప్రథమం.

లీ చేసిన మరొక పని ఇంకను గొప్పది. ఆ క్యాన్సరు కణాలు ఒక హార్మోనును విడుదల చేస్తాయి. దానిని రోగి మూత్రంలో కొలవవచ్చును. కణుతులు కంటికి కనబడకుండా పోయిన తరువాత కూడా ఆ హార్మోను కొద్దిగా మిగిలి ఉన్నది. రోగి ఆరోగ్యంగా కనిపిస్తున్నది గదా యని ఇతరులు చికిత్స ఆపుమన్నారు. లీ ఆపలేదు, హార్మోను పూర్తిగా అదృశ్యమయ్యేవరకు మందు ఇచ్చినారు. ఆరోగ్యవంతురాలికి విషం ఎక్కిస్తున్నాడనే నింద మీద ఆ సంస్థలో తన స్థానాన్ని కోల్పోయినారు. కాలం ఆయన పక్షాన తీర్పు చెప్పినది. మందు తొందరగా ఆపినవారిలో వ్యాధి తిరగబెట్టినది. ఆయన చికిత్స పూర్తిచేసినవారు బ్రతికినారు. 1972లో లీకి, హెర్ట్జ్‌కు లాస్కరు బహుమానం లభించినది. కన్ను మోసపోయిన చోట కొలత నిజం చెప్పినది.

అండాశయపు క్యాన్సరుకు అంతటి నమ్మకమైన సూచిక నేటికిని దొరకలేదు. పొత్తికడుపులో పుట్టి, ఉబ్బరమనో అజీర్ణమనో అనిపిస్తూ, బయటపడేసరికి తరచు వ్యాపించి ఉండే వ్యాధి అది. 1980ల తొలినాళ్లలో రాబర్టు బాస్టు బృందం సి.ఎ.125 అనే రక్తసూచికను కనుగొన్నది. చికిత్సకు వ్యాధి లొంగుతున్నదా లేదా అని చూడడానికి అది ఉపకరిస్తున్నది. కాని పొత్తికడుపులో క్షయ వచ్చినా, గర్భాశయపు పొర వెలుపల పెరిగినా, మరి కొన్ని శోథలలోనూ ఆ సంఖ్య పెరుగుతుంది. బ్రిటనులో రెండు లక్షలకు పైగా స్త్రీలపై జరిగిన దీర్ఘ పరిశీలన ఫలితం 2021లో వెలువడినది. వ్యాధి లక్షణాలు లేని స్త్రీలందరికీ ఈ పరీక్ష చేసినందువలన మరణాలు తగ్గినట్లు అందులో తేలలేదు.

క్యాన్సరు ఉన్న చోట శోథ కూడా ఉండడం వైద్యులు చాలాకాలంగా ఎరిగిన విషయం. అందుచేత రక్తంలో శోథను తెలిపే సూచికలను కూడా పరిశోధకులు కొలుస్తున్నారు. 1930లో న్యూమోనియా రోగులలో గుర్తించిన సి-రియాక్టివ్ ప్రోటీను వానిలో ఒకటి. తెల్లరక్తకణాలలో న్యూట్రోఫిల్, లింఫోసైట్ జాతుల నిష్పత్తి మరొకటి, ఇంటర్‌ల్యూకిన్-6 వేరొకటి. చికిత్సకు ముందే ఇవి హెచ్చుగా ఉన్న అండాశయ క్యాన్సరు రోగులలో వ్యాధి గతి మరింత కఠినంగా ఉన్నట్లు పెక్కు పరిశోధనలు చూపినవి. అయినను చిన్న జ్వరం వచ్చినా, పంటి చిగురు వాచినా ఈ సంఖ్యలు మారుతాయి. కనుక ఇవి దారి చూపే దీపాలే గాని తీర్పు చెప్పే న్యాయాధిపతులు కావు. ఒక్క రక్తపరీక్ష కాగితం చూచి భయపడడమూ, దానినే నమ్మి నిశ్చింతగా ఉండడమూ రెండూ తగవు. వారాల తరబడి కడుపుబ్బరం, పొత్తికడుపులో నొప్పి, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం వంటివి విడువక ఉంటే స్త్రీలు సంకోచించక వైద్యులను సంప్రదించవలెను.

ఈ వ్యాధితో సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లానికి మరొక సంబంధం ఇటీవల ఫలించినది. అండాశయపు క్యాన్సరు కణాలలో పెక్కు తమ ఉపరితలం మీద ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకొనే గ్రాహకాలను విస్తారంగా ధరిస్తాయి. ఆ గ్రాహకాలకు అంటుకొని, శస్త్రచికిత్స సమయంలో క్యాన్సరును వెలిగించి చూపే వర్ణద్రవ్యం 2021లోను, ఆ గ్రాహకాన్ని గురిచూచి కణంలోకి విషాన్ని చేరవేసే ఔషధం 2022లోను అమెరికాలో ఆమోదం పొందినవి. మెథోట్రెక్సేటు కూడా క్యాన్సరుతో ఆగలేదు. స్వల్ప మోతాదులో అది కీళ్లవాతపు శోథను అణచే ప్రధాన ఔషధమైనది.

ఇంతటి కృషికి తగిన ప్రసిద్ధి సుబ్బారావుగారికి రాలేదు. నోబెలు బహుమానం రాలేదు. విశ్వవిద్యాలయ పీఠం రాలేదు. ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టి సహచరులు తమ గౌరవం చూపినారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ల వెలువరించినది. కొలత తెలిసిన ఆ మనిషి తన గొప్పను మాత్రం కొలిపించుకొనలేదు.

అయినను ప్రతి ఉదయం మూసీ ఒడ్డున ఒక గర్భిణి మాత్ర పుచ్చుకొని ఇంటికి వెళుతుంది. నదికి ఆవల ఎవరో ఒక తల్లి రక్తపరీక్ష ఫలితం కోసం వేచి కూర్చుంటుంది. వారికి ఆయన పేరు తెలియదు. సోదరులను దక్కించుకొనలేకపోయిన ఒక వైద్యుని దుఃఖం మాత్రం వారి క్షేమంగా మారి వారి ఇళ్లకు చేరుతూనే ఉన్నది.